ఆగడం తెలిసినవాళ్లకే లేహ్ దారి

చివరి సెమిస్టర్ పరీక్షలు అయిపోతాయి. హాస్టల్ గదులు ఖాళీ అవుతుంటాయి. సరిగ్గా అప్పుడే ప్రతి బ్యాచ్‌లోనూ ఒక కొత్త వాట్సాప్ గ్రూప్ పుడుతుంది. దాని పేరులో ‘లేహ్’ అనో ‘లద్దాఖ్’ అనో ఉంటుంది. గ్రూప్‌లో నలుగురో ఐదుగురో ఉంటారు. ఒకరికి ఆఫర్ లెటర్ వచ్చింది కానీ జాయినింగ్ తేదీ రాలేదు. ఇంకొకరు గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం చూస్తున్నారు. మరొకరికి రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. అయినా అందరూ కలిసి మ్యాప్ ముందేసుకుని కూర్చుంటారు. ఇంట్లో చెప్పగానే వచ్చే మాట ఒకటే: ‘‘ముందు ఉద్యోగం తెచ్చుకోరా, తర్వాత ఎక్కడికైనా పో.’’

అమ్మానాన్నల మాటలో న్యాయం ఉంది. పిల్లల మాటలోనూ ఉంది. ఉద్యోగంలో చేరాక వరసగా పదిహేను రోజుల సెలవు దొరకడం కష్టమే. కాబట్టి వెళ్లాలా, వద్దా అన్న చర్చను ఇక్కడ పెట్టడం లేదు. వెళ్లేవాళ్లు ఎలా వెళ్తున్నారన్నదే మా ప్రశ్న. ఎందుకంటే ఆ దారి తొందరపడేవాళ్లను క్షమించదు. ఈ పేజీ చదివే మీలో చాలామంది తొందరలో ఉన్నారు.

దారి ఎలా ఉంటుంది?

మనాలీ నుంచి లేహ్‌కి సుమారు 430 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి, అక్కడ భోంచేసి, మళ్లీ వెనక్కి బయల్దేరి నల్గొండ జిల్లా దాకా వచ్చినంత దూరం. మన హైవే లెక్కన ఒక్క రోజు ప్రయాణం. చాలామంది తప్పు ఇక్కడే మొదలవుతుంది. కిలోమీటర్లు చూస్తారు కానీ మీటర్లు చూడరు.

మనాలీ సముద్రమట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమల్లో అతి ఎత్తయిన శిఖరం కూడా 1,700 మీటర్లు దాటదు. అంటే మనాలీలో బస్సు దిగేసరికే మన రాష్ట్రాల్లోని ఏ కొండ కంటే ఎత్తున నిలబడి ఉంటారు. అక్కణ్నుంచి దేవదారు చెట్ల మధ్యగా ఎక్కి, 2020 అక్టోబరులో ప్రారంభమైన అటల్ సొరంగంలోకి వెళ్తారు. దాని పొడవు 9.02 కిలోమీటర్లు. ఇటువైపు పచ్చటి కులూ లోయ, అటువైపు లాహౌల్. సొరంగం దాటాక చెట్లు పలచబడి, రాతి కొండలు మొదలవుతాయి. వాన మబ్బుల్ని ఈ పర్వతాలు అటువైపే ఆపేస్తాయి. అందుకే లేహ్‌లో ఏడాది మొత్తానికి పడే వాన, మన దగ్గర ఒక్క గట్టి ముసురుకు పడేంత ఉంటుంది.

తాండి దగ్గర చంద్ర, భాగ నదులు కలుస్తాయి. ఆ కలిసిన నీరే చంద్రభాగ, కిందికి వెళ్లాక చీనాబ్. తాండి బంకులో ట్యాంకు నింపుకోవడం ఈ దారిలో పాత ఆచారం. తర్వాత చాలా దూరం వరకు బంకును నమ్ముకుని వెళ్లలేం. ఆపై కీలాంగ్, జిస్పా. జిస్పాలో భాగ నది ఒడ్డున టెంట్లు కనిపిస్తాయి. రాత్రి బయటికొచ్చి తలెత్తితే పాలపుంత కంటితోనే కనిపిస్తుంది. ఊళ్లో డాబా మీద పడుకుని చూసిన ఆకాశం ఇది కాదనిపిస్తుంది.

అసలు ఎత్తు అక్కణ్నుంచి మొదలు. బారాలాచా లా సుమారు 4,900 మీటర్లు. ‘లా’ అంటే కనుమ. దాన్ని దిగితే సర్చూ మైదానం, సుమారు 4,300 మీటర్లు. హిమాచల్, లద్దాఖ్ సరిహద్దు అక్కడే. తర్వాత 21 హెయిర్‌పిన్ మలుపులున్న గాటా లూప్స్, 5,000 మీటర్లు దాటిన లాచులుంగ్ లా, పాంగ్, మోరే మైదానం. చివరగా సుమారు 5,330 మీటర్ల తంగ్లాంగ్ లా. అది దిగితే ఉప్షీ దగ్గర సింధు నది ఎదురవుతుంది. చిన్నప్పుడు సాంఘికశాస్త్రంలో అట్లాసులో గీసిన నది పక్కనే బండి నడుపుతూ 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్ చేరతారు.

దిగాలంటే ముందు ఎక్కాలి

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది. తంగ్లాంగ్ లా మీద ఒక్కో శ్వాసకు మనకందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదానిలో సుమారు సగం. శరీరం దీనికి అలవాటు పడగలదు. కానీ దానికి సమయం కావాలి. ఆ సమయం ఇవ్వకపోతే తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ముదిరితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం, మెదడు వాయడం వంటి ప్రాణాంతక స్థితికి దారితీస్తుంది.

ఇక్కడ కుర్రాళ్లు పొరబడే సంగతి ఒకటుంది. జిమ్‌కి వెళ్లేవాడికి, రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తేవాడికి ఈ జబ్బు రాదనుకుంటారు. ఒంటి బలానికీ దీనికీ సంబంధం లేదు. పైగా బలమున్నవాడే వేగంగా ఎక్కేసి ముందు పడిపోతాడు. తలనొప్పిని దాచుకునేదీ వాడే.

వైద్యులు చెప్పే సూత్రం తేలికైనదే. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఒక రోజు ఆగాలి. లక్షణాలుంటే పైకి వెళ్లకూడదు. ముదిరితే కిందికి దిగాలి. మాట తడబడినా, నడక తూలినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా తెల్లారేదాకా చూడకూడదు. మందులు వాడాలా వద్దా అన్నది బయల్దేరే ముందు డాక్టర్‌ని అడిగి తేల్చుకోవాలి. స్నేహితుడి జేబులో ఉన్న మాత్ర మీకు సరిపడకపోవచ్చు.

మనాలీ–లేహ్ దారి చిక్కేమిటంటే, అది ఈ సూత్రానికి లొంగదు. ఉదయం మనాలీలో బయల్దేరి రాత్రికి సర్చూ టెంట్లో పడుకుంటే ఒక్క రోజులో 2,200 మీటర్లు ఎక్కినట్టు. అర్ధరాత్రి తల పగిలిపోతుంటే దిగుదామనుకుంటారు. వెనక్కి వెళ్లాలంటే బారాలాచా ఎక్కాలి. ముందుకెళ్తే లాచులుంగ్ ఎక్కాలి. పాంగ్‌లో ఉన్నా అంతే, రెండు పక్కలా 5,000 మీటర్లు దాటిన కనుమలే. దిగాలంటే ముందు ఎక్కాల్సిన చోటు అది. ఈ ఒక్క మాట అర్థమైతే ప్లాన్ దానంతటదే మారిపోతుంది. కీలాంగ్‌లోనో జిస్పాలోనో రెండు రాత్రులు ఆగుతారు. పగలు కాస్త ఎత్తుకు వెళ్లి రాత్రికి కిందికే వచ్చి పడుకుంటారు. సర్చూ, పాంగ్‌లలో పడుకోవడం ఎంత తగ్గితే అంత మంచిదని తెల్లవారుజామునే బయల్దేరతారు. తొలిసారి వెళ్లేవాళ్లు శ్రీనగర్, కార్గిల్ మీదుగా ఎక్కితే ఇంకా మేలు. అటు ఎత్తు మెల్లగా పెరుగుతుంది, మధ్యలో కిందికి దిగి పడుకునే ఊళ్లున్నాయి.

ఇదంతా ‘రెండు రోజులు వేస్ట్’ అనిపిస్తుంది. ఆ రెండు రోజులే ప్రయాణాన్ని నిలబెడతాయి.

బియాస్ మనకు నేర్పింది

2014 జూన్ 8 మన రాష్ట్రాల్లో చాలా ఇళ్లకు గుర్తుంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. పైనున్న లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా వచ్చింది. 24 మంది విద్యార్థులు, వాళ్లతో ఉన్న ఒక టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. మనాలీ వెళ్లే బస్సులు ఇప్పటికీ ఆ లోయ గుండానే వెళ్తాయి. కొడుకో కూతురో ‘హిమాచల్’ అనగానే అమ్మ ముఖం మారడానికి కారణం ఇదే. ఆ భయాన్ని చాదస్తమని కొట్టిపారేయొద్దు.

ఆ పిల్లలది తప్పని ఎవరూ అనలేరు. ఎండిన రాళ్ల మీద నిలబడినవాళ్లకు పైన గేట్లున్న సంగతి ఎలా తెలుస్తుంది? కానీ ఆ తర్వాత వెళ్లే మనకు తెలియాలి. పైన డ్యామ్ ఉన్న నదిలో నీళ్లు తక్కువగా కనిపించడమే ఒక హెచ్చరిక. డ్యామ్ లేని వాగులకీ వేరే లెక్క ఉంది. హిమానీనదాల కింద పారే వాగులు ఉదయం మడమల దాకా ఉంటే, ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి మోకాళ్ల దాకా వస్తాయి. అందుకే రోడ్డు మీద పారే నాలాలను పొద్దున్నే దాటాలని అక్కడి డ్రైవర్లు చెప్తారు. టెంట్ వేసేటప్పుడూ ఇదే సూత్రం. చదునుగా, ఇసకగా, పక్కనే నీళ్లుగా ఉన్న చోటు చూడ్డానికి బాగుంటుంది. అది వాగు ఎప్పుడో వచ్చి వెళ్లిన చోటు. 2010 ఆగస్టులో లేహ్‌లోనే ఒక రాత్రి కుండపోత వానకు వరద, బురద వచ్చి 200 మందికి పైగా చనిపోయారు. వాన పడని నేల మీద వాన పడితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది.

టెంట్ గురించి మరో మాట. చలి ఎక్కువైందని లోపల స్టవ్వో, బొగ్గుల కుంపటో వెలిగించి జిప్పు వేసుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే చంపుతుంది. వంట బయట చేసుకోండి. పొడి బట్టలు, మంచి స్లీపింగ్ బ్యాగ్, కింద వేసుకునే మ్యాట్ ఉంటే చలి ఆగుతుంది. తాగి పడేసిన సీసా, నూడుల్స్ కవరు ఆ పొడి చలిలో ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. తెచ్చినవన్నీ మోసుకుని రండి.

జేబు, సిగ్నల్, కాల్ లెటర్

ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఈ ప్రయాణంలో రెండు ప్రత్యేకమైన ప్రమాదాలున్నాయి. వాటిని ట్రావెల్ వీడియోల్లో ఎవరూ చెప్పరు.

ఒకటి, అప్పు. లోన్ యాప్‌లో నొక్కితే ఐదు నిమిషాల్లో డబ్బు వస్తుంది. జీతం మొదలవ్వకముందే కిస్తీ మొదలవుతుంది. అద్దె బుల్లెట్ లేకపోతే లేహ్ లేదని ఎవరన్నారు? సీజన్‌లో ఢిల్లీ నుంచి లేహ్‌కి హిమాచల్ ఆర్టీసీ బస్సు నడుస్తుంది. అది రాత్రికి కీలాంగ్‌లో ఆగుతుంది. మీరు అక్కడ దిగిపోయి మరో రోజు ఉండి, తర్వాత బస్సో షేర్ జీపో ఎక్కొచ్చు. హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి ఢిల్లీకి స్లీపర్ క్లాసుంది. బండి మీదే వెళ్తామంటే కాగితాలు, పంక్చర్ కిట్, ఒక అదనపు ట్యూబు ఉండాలి. బయట అద్దెకు తీసుకున్న బండ్లను లద్దాఖ్ లోపలి ప్రాంతాల్లో తిప్పడానికి అక్కడి అద్దె బండ్లవాళ్లు ఒప్పుకోరు. ఆ సంగతి కూడా ముందే అడిగి తెలుసుకోండి. దాచుకున్న డబ్బుతో కుదిరితే వెళ్లండి. కుదరకపోతే మారేడుమిల్లిలోనో, లంబసింగిలోనో రెండు రాత్రులు గడిపి రండి. చిన్నతనమేమీ కాదు.

రెండోది, ఫోన్. ఇతర రాష్ట్రాల్లో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ ఉన్నా కీలాంగ్ దాటాక చాలా దూరం సిగ్నల్ ఆశించొద్దు. జాయినింగ్ మెయిల్‌కి రెండు రోజుల్లో జవాబు పంపాల్సి ఉంటే? సర్టిఫికెట్ వెరిఫికేషన్ తేదీ సడన్‌గా ప్రకటిస్తే? కాబట్టి బయల్దేరే ముందు నోటిఫికేషన్లు, పరీక్ష తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి. ఇంట్లో నమ్మకమైనవాళ్లకు మీ మెయిల్ చూసే వీలు ఇవ్వండి. మార్క్స్ మెమోలు, ఆధార్ స్కాన్ చేసి పెట్టండి. కంపెనీ హెచ్ఆర్‌కి ‘ఫలానా తేదీల్లో అందుబాటులో ఉండను’ అని ముందే ఒక మెయిల్ పంపండి. రోజుకొక ఊరి పేరు, అక్కడికి చేరే తేదీ ఇంట్లో రాసిచ్చి వెళ్లండి. ఒక రోజు ఆలస్యమైతే కంగారు పడొద్దని, ఫలానా రోజు దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయండి. అమ్మ భయం తగ్గేది దీంతోనే, ‘ఏం కాదులేమ్మా’ అన్న మాటతో కాదు.

ఆ దారిలో పనిచేసేవాళ్లు

కనుమ మీద రాతి పలక పక్కన ఫొటో దిగే ముందు రోడ్డు వైపు ఒకసారి చూడండి. ముఖానికి గుడ్డ కట్టుకుని తారు పోసేవాళ్లు కనిపిస్తారు. జార్ఖండ్, బిహార్, నేపాల్‌ల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. మనం పది నిమిషాలు నిలబడలేని చోట వాళ్లు సీజనంతా పనిచేస్తారు. ఏటా శీతాకాలంలో మంచు కప్పేసే ఈ దారిని మళ్లీ తెరిచేది సరిహద్దు రోడ్ల సంస్థ, అంటే బీఆర్‌ఓ. 1960 మే 7న ఏర్పడింది. లద్దాఖ్‌లో దాని ప్రాజెక్టు పేరు ‘హిమాంక్’.

సివిల్ చదివి ‘ఉద్యోగాల్లేవు’ అనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. యూపీఎస్సీ నిర్వహించే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష ద్వారా బోర్డర్ రోడ్స్ ఇంజినీరింగ్ సర్వీస్‌కి అధికారులను తీసుకుంటారు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జూనియర్ ఇంజినీర్ పరీక్ష ద్వారా భర్తీ చేసే సంస్థల్లో బీఆర్‌ఓ కూడా ఉంది. అర్హతలు, శారీరక ప్రమాణాలు నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. జియాలజీ చదివినవాళ్లకు యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది, అందులో నెగ్గితే 1851లో మొదలైన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరొచ్చు. లేహ్‌కి ఆగ్నేయంగా హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఒక ఖగోళ పరిశోధనశాల ఉంది. అక్కడి 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచే నడుపుతారు. ఫిజిక్స్ వాళ్లకు అదొక దారి.

కొండే కెరియర్ అనుకునేవాళ్లకు డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలీ, పహల్గాంలలో పర్వతారోహణ శిక్షణ సంస్థలున్నాయి. బేసిక్ కోర్సు దాదాపు నెల రోజులు. అందులో మంచి గ్రేడు వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సు, ఆపై శిక్షకులుగా మారే కోర్సు, సహాయక చర్యల కోర్సు. ఎన్‌సీసీలో ఉన్నవాళ్లు యూనిట్‌లో అడిగితే సీట్ల సంగతి తెలుస్తుంది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఆమెతో ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. వాళ్లు నేరుగా ఎవరెస్ట్‌కి పోలేదు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకున్నారు. డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకున్నారు. లద్దాఖ్ చలికి అలవాటు పడ్డారు. మెట్టు మెట్టుకీ ఆగే వెళ్లారు.

ఇంటర్వ్యూలో ఏం చెప్తారు?

రెజ్యూమెలో ‘హాబీ: ట్రావెలింగ్’ అని రాసేవాళ్లు చాలామంది. ఎదుటివాళ్లు ‘ఎక్కడికి వెళ్లారు?’ అని అడుగుతారు. ‘లద్దాఖ్ సర్, చాలా బ్యూటిఫుల్‌గా ఉంటుంది’ అంటే అక్కడితో మాట అయిపోతుంది. అదే ‘జిస్పాలో మా ఫ్రెండ్‌కి తలనొప్పి తగ్గలేదు. మిగతా ముగ్గురికి ముందుకెళ్లాలని ఉంది. బడ్జెట్ లెక్కేసి, ఇంకో రోజు ఆగి, తగ్గకపోవడంతో మనాలీకి తిరిగొచ్చేశాం. లేహ్ చూడలేదు’ అని చెప్పినవాళ్లను బల్లకు అవతల కూర్చున్నవాళ్లు గుర్తుపెట్టుకుంటారు. నలుగురి మధ్య, డబ్బు తక్కువున్న చోట, నిజంగా కష్టమైన నిర్ణయం తీసుకున్నారని తెలుస్తుంది. అయితే జరగనిది కల్పించి చెప్పొద్దు. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

లేహ్ వెళ్లొచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు. ఆ సంగతి దాచడం అన్యాయం. అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లో చేరినవాళ్లకు మాత్రం ఈ ఎత్తుల సూత్రం పరిచయమే అనిపిస్తుంది. మొదటి వారం రోజుకు 14 గంటలు చదివి, మూడో వారానికి పుస్తకం ముట్టనివాళ్లను చూసే ఉంటారు. ఏడు గంటలతో మొదలుపెట్టి, నెలకోసారి ఆగి, ఎక్కడ వెనకబడ్డామో చూసుకున్నవాళ్లు ఏడాది చివర కూడా కుర్చీలో కనిపిస్తారు. పక్కవాడికి ప్లేస్‌మెంట్ వచ్చిందని, తనకిష్టం లేని ఏ కోర్సులోనో అప్పు చేసి చేరడం కూడా తలనొప్పి దాచుకుని సర్చూ దాకా ఎక్కడం లాంటిదే. తర్వాత దిగడం కష్టం.

అందుకే ఈ వేసవికి వెళ్లేవాళ్లకు మేం చెప్పేదొక్కటే. బయల్దేరే ముందే నలుగురూ కూర్చుని, ఏం జరిగితే వెనక్కి తిరుగుతామో రాసుకోండి. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే అందరూ ఆగాలని ఒప్పుకోండి. దానికి ఒప్పుకోని గ్రూప్‌తో వెళ్లకండి. ఇంట్లో కూడా ఆ కాగితం చూపించండి.

ఇక అమ్మానాన్నలకు ఒక మాట. పిల్లలు ఆ కాగితం తెచ్చి ముందు పెడితే ఒకసారి చదవండి. అలా రాసుకోగలిగినవాళ్లు తిరిగి రావడం తెలిసినవాళ్లు.

ఏటా మంచు పడుతుంది, దారి మూసుకుపోతుంది. ఏటా ఎండాకాలంలో బీఆర్‌ఓ వాళ్లు మంచు తీసి మళ్లీ తెరుస్తారు. ఈసారి డబ్బు చాలకపోయినా, తేదీలు కుదరకపోయినా, జిస్పా నుంచే వెనక్కి రావాల్సి వచ్చినా బెంగ పడకండి. వచ్చే ఏడాది కూడా ఆ దారి అక్కడే ఉంటుంది.